పక్కింటి అబ్బాయి నుంచి 'వర్టిగో' దాకా: జేమ్స్ స్టూవర్ట్ నటజీవితం

జేమ్స్ మెయిట్‌లండ్ స్టూవర్ట్ (20 మే 1908 – 2 జూలై 1997) అమెరికన్ సినిమా నటుడు. అభిమానులకు 'జిమ్మీ'. 1935లో ఒక నేరకథాచిత్రంలో చిన్న వేషంతో తెర మీదికి వచ్చాడు. 1991లో ఒక యానిమేషన్ చిత్రంలోని పాత్రకు గొంతు ఇచ్చేదాకా నటిస్తూనే ఉన్నాడు. ఎనభై దాకా సినిమాలు, ఉత్తమ నటుడి ఆస్కార్‌కు ఐదు నామినేషన్లు, అందులో ఒక గెలుపు, ఆపైన ఒక గౌరవ ఆస్కార్ ఆయన ఖాతాలో ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ పైలట్‌గా పోరాడిన నటుడు కూడా ఆయనే.

ఆరడుగుల మూడంగుళాల పొడుగు, బక్కపలచని ఒళ్లు, ఆగి ఆగి సాగే మాట, ఏం చెయ్యాలో తోచనట్టు గాలిలో తిరిగే చేతులు. వీటితో ఆయన 'పక్కింటి అబ్బాయి'గా పేరు తెచ్చుకున్నాడు. కానీ ఆయన నటజీవితం గొప్పదనం ఆ ఒక్క ముద్రలో లేదు. ప్రేక్షకులు నమ్మిన ఆ మంచితనాన్నే నలుగురు పెద్ద దర్శకులు నాలుగు రకాలుగా పరీక్షకు పెట్టారు. ఫ్రాంక్ కాప్రా దాన్ని నమ్మాడు. ఆంథొనీ మాన్ దాని అడుగున ఉన్న కోపాన్ని తవ్వి తీశాడు. ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ దానికి వ్యామోహం అంటించాడు. జాన్ ఫోర్డ్ ఆ మంచితనానికి పునాది ఏమిటని అడిగాడు. నాలుగు పరీక్షలకూ స్టూవర్ట్ వెనకాడకుండా నిలబడ్డాడు.

బాల్యం, చదువు

పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఇండియానా అనే చిన్న పట్టణం ఆయన పుట్టిన ఊరు. తండ్రి అలెగ్జాండర్ స్టూవర్ట్‌ది కుటుంబం తరతరాలుగా నడుపుతున్న హార్డ్‌వేర్ దుకాణం. తల్లి ఎలిజబెత్ పియానో వాయించేది. ముగ్గురు పిల్లల్లో జేమ్స్ పెద్దవాడు. ఆ ఇంట్లో చర్చి, సంగీతం, క్రమశిక్షణ కలిసి సాగేవి. దుకాణానికి వచ్చిన ఒక అకార్డియన్ మీద కుర్రవాడు సాధన చేసి, దాన్ని జీవితమంతా వెంట ఉంచుకున్నాడు. విమానాలంటే మరీ పిచ్చి. 1927లో చార్లెస్ లిండ్‌బర్గ్ ఒంటరిగా అట్లాంటిక్ దాటినప్పుడు, ఆ ప్రయాణం ఎంతదాకా వచ్చిందో తండ్రి దుకాణం షోకేసులో గుర్తులు పెట్టి ఊరందరికీ చూపించాడు. ముప్పై ఏళ్ల తరవాత లిండ్‌బర్గ్ పాత్రే ఆయనకు దక్కింది.

ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ చదివి 1932లో పట్టా తీసుకున్నాడు. అది మహామాంద్యం కాలం. కొత్తగా భవనాలు కట్టేవాళ్లే తక్కువ. ప్రిన్‌స్టన్‌లోని ట్రయాంగిల్ క్లబ్ నాటకాల్లో ఆయన్ని చూసిన తోటి విద్యార్థి జాషువా లోగన్, కేప్‌కాడ్ తీరాన వేసవి నాటకాలు ఆడే 'యూనివర్సిటీ ప్లేయర్స్' బృందంలోకి పిలిచాడు. జీవితాన్ని మలుపు తిప్పిన ఇద్దరు అక్కడి పరిచయస్తులే: హెన్రీ ఫోండా, మార్గరెట్ సల్లవన్. ఫోండా, స్టూవర్ట్ న్యూయార్క్‌లో ఒకే గదిలో ఉండి బ్రాడ్వే వేషాల కోసం తిరిగారు. ఫోండా డెమొక్రాట్, స్టూవర్ట్ రిపబ్లికన్. రాజకీయాలు మాట్లాడుకోవద్దనే ఒప్పందంతో, విమానాల బొమ్మలు కట్టుకుంటూ, ఫోండా 1982లో చనిపోయేదాకా ఆ స్నేహం నిలబడింది.

ఎం.జి.ఎం.లో శిక్షణ

1934లో బ్రాడ్వేలో ఆడిన 'ఎల్లో జాక్' నాటకంలో పచ్చజ్వరం పరిశోధనకు తన ఒంటిని అప్పగించే సైనికుడిగా వేసిన వేషం విమర్శకుల కంట పడింది. మరుసటి ఏడు ఎం.జి.ఎం. స్టూడియో వారానికి 350 డాలర్ల జీతంతో దీర్ఘకాలిక ఒప్పందం రాయించుకుంది. మొదటి చెప్పుకోదగ్గ సినిమా స్పెన్సర్ ట్రేసీ కథానాయకుడిగా వచ్చిన 'ద మర్డర్ మ్యాన్' (1935). అందులో ఆరడుగుల మూడంగుళాల స్టూవర్ట్ వేసిన విలేకరి పాత్ర పేరు 'షార్టీ', అంటే పొట్టివాడు.

ఈ పొడుగాటి మనిషిని ఏం చెయ్యాలో స్టూడియోకి వెంటనే తోచలేదు. ఒక సినిమాలో పాడించారు. 'బార్న్ టు డాన్స్' (1936)లో కోల్ పోర్టర్ పాటను ఆయన తన సన్నటి గొంతుతోనే పాడాడు. 'ఆఫ్టర్ ద థిన్ మ్యాన్' (1936)లో హంతకుణ్ణి చేశారు. ఆ కాలంలో ఆయన్ని ముందుకు నెట్టింది మార్గరెట్ సల్లవన్. 'నెక్స్ట్ టైమ్ వి లవ్' (1936)లో తన సరసన స్టూవర్టే కావాలని యూనివర్సల్ స్టూడియో దగ్గర పట్టుబట్టింది. వాళ్లిద్దరూ కలిసి నాలుగు చిత్రాల్లో నటించారు. వాటిలో ఎర్న్‌స్ట్ లుబిట్ష్ తీసిన 'ద షాప్ అరౌండ్ ద కార్నర్' (1940) మెత్తనిది, మన్నికైనది. బుడాపెస్ట్‌లో ఒక దుకాణం. అందులో పనిచేసే ఇద్దరికి ఒకరంటే ఒకరికి గిట్టదు. పేర్లు తెలియకుండా ఉత్తరాల్లో ప్రేమించుకుంటున్నది కూడా ఆ ఇద్దరే. ఆ ఉత్తరాలు రాసేది ఎవరో ముందుగా తెలుసుకున్న మనిషి, తెలియనట్టు ఎదుట కూర్చుని మాట్లాడే సన్నివేశంలో స్టూవర్ట్ మాటకంటే మౌనమే ఎక్కువ పని చేస్తుంది.

కాప్రా: నమ్మిన మంచితనం

ఎం.జి.ఎం. దగ్గరి నుంచి అరువు తెచ్చుకుని స్టూవర్ట్‌ను అసలైన తారను చేసింది కొలంబియా సంస్థలో పనిచేస్తున్న ఫ్రాంక్ కాప్రా. 'యూ కాంట్ టేక్ ఇట్ విత్ యూ' (1938) ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు ఆస్కార్లు గెలిచింది. మరుసటి ఏడు వచ్చిన 'మిస్టర్ స్మిత్ గోస్ టు వాషింగ్టన్' (1939) స్టూవర్ట్ పేరును స్థిరపరిచింది.

జెఫర్సన్ స్మిత్ పిల్లల దళాలు నడిపే అమాయకుడు. అవినీతి ముఠా అతణ్ణి కీలుబొమ్మగా సెనేట్‌కు పంపిస్తుంది. దొంగసొమ్ము ఆనకట్ట పథకాన్ని అతడు ఎదిరిస్తే, నేరాన్ని అతడి మీదికే తోసేస్తుంది. తన మాట నెగ్గించుకోవడానికి స్మిత్‌కు మిగిలిన దారి ఫిలిబస్టర్ ఒక్కటే. సభలో ఒకసారి మాట్లాడే అవకాశం దొరికిన సెనేటర్ కూర్చోకుండా, ఆపకుండా ఎంతసేపైనా మాట్లాడుతూ పోవచ్చు. స్మిత్ దాదాపు ఒక రోజంతా అలా నిలబడతాడు. అంతసేపు మాట్లాడినవాడి గొంతు ఎలా పోతుందో వినిపించడానికి స్టూవర్ట్ వైద్యుడి చేత పాదరసం కలిసిన ద్రావణాన్ని గొంతుకు పూయించుకుని షూటింగ్‌కు వచ్చేవాడు. సెనేట్ సభామందిరాన్ని అచ్చంగా స్టూడియోలో కట్టించి, పాత్రికేయుల గ్యాలరీకి అంతకుముందు పర్యవేక్షకుడిగా ఉన్న జేమ్స్ ప్రెస్టన్‌ను సలహాదారుగా పెట్టుకున్నారు.

వాషింగ్టన్‌లో సినిమా చూసిన సెనేటర్లు, విలేకరులు చాలామంది మండిపడ్డారు. లండన్‌లో అమెరికా రాయబారి జోసెఫ్ కెన్నెడీ దీన్ని యూరప్‌లో విడుదల చెయ్యవద్దని కోరాడు. ప్రేక్షకులు మాత్రం స్మిత్‌ను తమవాడనుకున్నారు. ఈ పాత్రకు న్యూయార్క్ విమర్శకుల బహుమతి స్టూవర్ట్‌కే వచ్చింది. ఆస్కార్ మాత్రం 'గుడ్‌బై మిస్టర్ చిప్స్' నటుడు రాబర్ట్ డోనట్‌కు దక్కింది.

ఆ బాకీ మరుసటి ఏడు తీరింది. జార్జ్ కూకర్ తీసిన 'ద ఫిలడెల్ఫియా స్టోరీ' (1940)లో కేథరిన్ హెప్‌బర్న్, కేరీ గ్రాంట్‌ల మధ్య విలేకరి మైక్ కానర్‌గా నటించి ఉత్తమ నటుడి ఆస్కార్ అందుకున్నాడు. తాను మాత్రం 'ద గ్రేప్స్ ఆఫ్ రాత్' నటనకు మిత్రుడు ఫోండాకే ఓటు వేశానని స్టూవర్ట్ చెప్పేవాడు. బహుమతి బొమ్మను ఊరికి పంపిస్తే, తండ్రి దాన్ని హార్డ్‌వేర్ దుకాణంలో ఊరివాళ్లు చూసేలా ఏళ్ల తరబడి ఉంచాడు.

యుద్ధం

ఆస్కార్ అందుకుని నెల తిరగకముందే, 1941 మార్చిలో, స్టూవర్ట్ సైన్యంలో మామూలు సిపాయిగా చేరాడు. మొదటిసారి బరువు చాలదని తిప్పి పంపితే, తిని బరువు పెంచుకుని మళ్లీ వెళ్లాడు. అప్పటికే ఆయనకు పైలట్ లైసెన్సు ఉంది. పైవాళ్లు ఆయన్ని శిక్షకుడిగా, ప్రచారం కోసం వాడుకోవాలనుకున్నారు. పోరాటానికి పంపమని ఆయనే పట్టుబట్టాడు. 1943 నవంబరులో బి-24 బాంబర్ల స్క్వాడ్రన్‌కు నాయకుడిగా ఇంగ్లండ్‌లోని టిబెన్‌హామ్ స్థావరం చేరాడు. జర్మనీ, ఆక్రమిత యూరప్ మీదికి 20 పోరాట యాత్రలు చేశాడు. 1944 ఫిబ్రవరి 20న బ్రన్స్‌విక్ మీద దాడికి నాయకత్వం వహించినందుకు 'డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్' వచ్చింది. తరవాత అదే పతకం రెండోసారి కూడా అందింది. సిపాయిగా చేరినవాడు నాలుగేళ్లలో కల్నల్ అయ్యాడు.

యుద్ధం తరవాత కూడా రిజర్వు దళంలో కొనసాగాడు. బ్రిగేడియర్ జనరల్‌గా ఆయన పేరును 1957లో సెనేట్ తిప్పికొట్టింది. రిజర్వు అధికారిగా ఆయన అర్హతల మీద సెనేటర్ మార్గరెట్ చేజ్ స్మిత్ గట్టిగా అభ్యంతరం చెప్పింది. 1959లో ఆ హోదా వచ్చింది. తన యుద్ధసేవను సినిమా ప్రచారానికి వాడుకోనివ్వలేదు. ఆ రోజుల గురించి మాట్లాడడమూ అరుదే.

'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్'

తిరిగివచ్చిన స్టూవర్ట్‌కు నటన ఇక తన పనేనా అన్న సందేహం పట్టుకుంది. వయసు ముప్పై ఎనిమిది. ముఖంలో కుర్రతనం పోయింది. యుద్ధకాలంలో సైన్యానికి డాక్యుమెంటరీలు తీసి వచ్చిన కాప్రా, 'లిబర్టీ ఫిల్మ్స్' అనే సొంత సంస్థ పెట్టి ఆయన్ని పిలిచాడు. అలా తయారైన 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' 1946 డిసెంబరు 20న న్యూయార్క్‌లో తొలిసారి ప్రదర్శితమైంది.

జార్జ్ బెయిలీ ఊరు దాటి లోకం చూడాలని కలగన్నవాడు. తండ్రి వదిలివెళ్లిన చిన్న గృహరుణ సంస్థను, దాన్ని నమ్ముకున్న పేదవాళ్లను విడవలేక ఊళ్లోనే ఉండిపోతాడు. ఒక క్రిస్మస్ ముందు రాత్రి డబ్బు పోయి, జైలు తప్పదని తెలిసి, వంతెన మీదినుంచి నదిలోకి దూకబోతాడు. ఈ చిత్రాన్ని పండగ సినిమాగా తలుచుకునేవాళ్లు చాలామంది. నిజానికి ఇందులో స్టూవర్ట్ నటన చాలా చోట్ల భయపెడుతుంది. పిల్లల మీద అరుస్తాడు, ఇంట్లో సామాను పగలగొడతాడు, తండ్రి సోదరుడైన ముసలివాడి కాలరు పట్టుకుని ఊపేస్తాడు. మంచివాడు మంచివాడుగా ఉండడానికి ఎంత కోపం దిగమింగుకోవాలో ఆ పదినిమిషాల్లో కనబడుతుంది. సారా దుకాణంలో కూర్చుని దేవుణ్ణి వేడుకునే సన్నివేశంలో ఆయన అనుకోకుండా ఏడ్చేశాడు. కెమెరా దూరంగా ఉంది. అదే ఏడుపు మళ్లీ రాదు. కాప్రా ఆ ఫిల్ము ముక్కను ల్యాబ్‌లో ఫ్రేము ఫ్రేమూ పెద్దది చేయించి దగ్గరి షాట్‌లా మార్చుకున్నాడు.

ఈ మంచు కురిసే సినిమాను తీసింది వేసవి ఎండలో. రంగు వేసిన కార్న్‌ఫ్లేక్స్‌ను మంచుగా వాడే పాత పద్ధతిలో అడుగు వేస్తే కరకర శబ్దం వచ్చేది. దానికి బదులు నిప్పునార్పే నురగ, సబ్బు, నీళ్లు కలిపి కొత్త మంచు తయారుచేశారు. ఆ విధానానికి అకాడమీ సాంకేతిక గుర్తింపు ఇచ్చింది. ఐదు ఆస్కార్ నామినేషన్లు వచ్చినా, ముప్పై లక్షల డాలర్లకు పైగా పెట్టిన ఖర్చు వెనక్కి రాలేదు. లిబర్టీ ఫిల్మ్స్ మూతపడింది. 1974లో కాపీరైట్ పునరుద్ధరించడం మరిచిపోవడంతో, టీవీ కేంద్రాలు ప్రతి డిసెంబరులోనూ దాన్ని ఉచితంగా వేసుకోవడం మొదలుపెట్టాయి. అంతకు దాదాపు ముప్పై ఏళ్ల ముందు థియేటర్లలో నష్టపోయిన చిత్రం అలా ఇంటింటి సినిమా అయింది. తనకు ఎక్కువ ఇష్టమైన సినిమా ఇదేనని స్టూవర్ట్ చెప్పేవాడు. 1980ల్లో ఇలాంటి నలుపు తెలుపు చిత్రాలకు కంప్యూటర్‌తో రంగులు పులుముతుంటే గట్టిగా వ్యతిరేకించాడు.

జీతం వద్దు, వాటా కావాలి

ఎం.జి.ఎం. ఒప్పందం ముగిశాక స్టూవర్ట్ ఏ స్టూడియోకూ కట్టుబడలేదు. 1940ల చివర ఆయన సినిమాలు కొన్ని ఆడలేదు. ఆ పరిస్థితిలో 1950లో కుదిరిన ఒక ఒప్పందం ఆయన జీవితాన్నే కాక హాలీవుడ్ వ్యాపారాన్నీ మార్చింది. ఆయన ఏజెంటు, ఎం.సి.ఎ. సంస్థ అధిపతి లూ వాసర్‌మన్, యూనివర్సల్‌ను రెండు లక్షల డాలర్ల పారితోషికం అడిగాడు. అంత ఇచ్చుకోలేని స్టూడియోతో చివరికి వేరే లెక్క కుదిరింది: 'వించెస్టర్ '73'కి ముందుగా జీతం లేదు, లాభాల్లో వాటా. సినిమా విజయవంతమై స్టూవర్ట్‌కు ఆరు లక్షల డాలర్లదాకా ముట్టిందని అంచనా.

లాభాల్లో వాటా అంతకుముందు ఎవరూ తీసుకోలేదని కాదు. కానీ ఇంత పెద్ద తార, ఇంత బహిరంగంగా, ఇంత లాభంతో చెయ్యడం మిగతా నటులకు దారి చూపింది. 1948లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతో స్టూడియోలు తమ థియేటర్లను వదులుకోవలసి వచ్చింది. నెలజీతాల మీద తారలను కట్టిపడేసే పాత వ్యవస్థ అప్పటికే బీటలు వారుతోంది. తారలు, వాళ్ల ఏజెంట్లు బేరమాడే కాలం మొదలైంది.

1949లో ఆయన గ్లోరియా మెక్‌లీన్‌ను పెళ్లాడాడు. ఆమెకు మొదటి పెళ్లి వల్ల ఇద్దరు కొడుకులు. 1951లో కవల ఆడపిల్లలు పుట్టారు. ఈ కాపురం ఆమె 1994లో కన్నుమూసేదాకా సాగింది. పెద్ద కొడుకు రొనాల్డ్ మెరైన్ దళంలో లెఫ్టినెంటుగా 1969లో వియత్నాంలో మరణించాడు.

ఆంథొనీ మాన్: మంచివాడి కోపం

'వించెస్టర్ '73' వ్యాపారంగా ఎంత ముఖ్యమో నటనగానూ అంతే ముఖ్యం. దర్శకుడు ఆంథొనీ మాన్‌తో స్టూవర్ట్ చేసిన ఎనిమిది చిత్రాల్లో ఇది మొదటిది. ఎనిమిదిలో ఐదు కౌబాయ్ కథలు. ఇందులో ఆయన తోడబుట్టినవాణ్ణే వేటాడే మనిషి. సారా కొట్లో ఒక దుండగుడి చెయ్యి మెలిపెట్టి, తలను బల్లకేసి అదిమే క్షణంలో ఆయన కళ్లలో పిచ్చి కోపం మెరుస్తుంది. జెఫర్సన్ స్మిత్‌ను ప్రేమించిన ప్రేక్షకులు అటువంటి ముఖం అంతకుముందు చూడలేదు. తుపాకీ పట్టే విద్య కోసం వించెస్టర్ సంస్థ గురికాడు హెర్బ్ పార్సన్స్ దగ్గర ఆయన వేళ్లు కాయలు కాచేదాకా సాధన చేశాడు.

'బెండ్ ఆఫ్ ద రివర్' (1952), 'ద నేకెడ్ స్పర్' (1953), 'ద ఫార్ కంట్రీ' (1954), 'ద మ్యాన్ ఫ్రమ్ లారమీ' (1955) అన్నిటిలోనూ కథానాయకుడు గతం నుంచి పారిపోతున్నవాడో, పగ మోస్తున్నవాడో. 'ద నేకెడ్ స్పర్'లో బహుమతి డబ్బు కోసం మనిషిని పట్టుకున్నవాడు చివరికి ఆ శవాన్ని గుర్రం మీద వేసుకుని ఏడుస్తాడు. 'ద మ్యాన్ ఫ్రమ్ లారమీ'లో అతణ్ణి తాళ్లతో నిప్పుల్లోంచి ఈడుస్తారు. దగ్గరినుంచి అరచేతిలోకి కాలుస్తారు. ఆ నొప్పిని స్టూవర్ట్ వీరుడిలా ఓర్చుకోడు, అవమానంతో కుమిలిపోతాడు. కౌబాయ్ కథానాయకుడు ఇలా బలహీనంగా, సిగ్గుతో నలిగిపోతూ కనిపించడం ఆ కాలానికి కొత్త. ఈ సినిమాల్లో ఆయన ఎక్కింది ఎక్కువగా 'పై' అనే గుర్రాన్నే. పదిహేడు చిత్రాల్లో ఆ జోడీ కనిపించింది.

మాన్ దర్శకత్వంలోనే సంగీత దర్శకుడి జీవితకథ 'ద గ్లెన్ మిల్లర్ స్టోరీ' (1954), వైమానిక దళం కథ 'స్ట్రాటజిక్ ఎయిర్ కమాండ్' (1955) పెద్ద విజయాలయ్యాయి. 1955లో థియేటర్ యజమానుల సర్వే ఆయన్ని అమెరికాలో మొదటి స్థానపు తారగా నిలిపింది. 'నైట్ పాసేజ్' (1957) దగ్గర అభిప్రాయాలు కుదరక మాన్ తప్పుకున్నాడు. ఆ ఇద్దరూ మళ్లీ కలిసి పనిచెయ్యలేదు.

ఇదే దశకంలో పూర్తిగా వేరే దిక్కున 'హార్వీ' (1950) ఉంది. ఎల్‌వుడ్ డౌడ్ మృదువైన తాగుబోతు; అతడి ప్రాణమిత్రుడు ఎవరికీ కనపడని ఒక నిలువెత్తు కుందేలు. ఈ పాత్రను స్టూవర్ట్ 1947లోనే బ్రాడ్వేలో వేశాడు. సినిమాలో వేసి మరో ఆస్కార్ నామినేషన్ పొందాడు. 1970లో బ్రాడ్వేలో, 1975లో లండన్‌లో మళ్లీ ఆడాడు. ఖాళీ కుర్చీ వైపు చూసి మాట్లాడితే అక్కడ కుందేలు ఉందని ప్రేక్షకుడు నమ్మాలి. ఆయన చూపు ఆ కుందేలు కళ్ల ఎత్తును ఎప్పుడూ తప్పదు.

హిచ్‌కాక్: వ్యామోహం

హిచ్‌కాక్‌తో మొదటి సినిమా 'రోప్' (1948) ఒక ప్రయోగం: ఒకే ఫ్లాట్, ఒక్కొక్కటి పది నిమిషాలదాకా సాగే షాట్లు. హంతకులిద్దరి మాజీ ఉపాధ్యాయుడి పాత్ర స్టూవర్ట్‌కు అంతగా అతకలేదు. రెండోది 'రియర్ విండో' (1954) మాత్రం ఇద్దరి ప్రతిభకూ నిలువుటద్దం. కాలు విరిగి కట్టుతో చక్రాల కుర్చీలో ఉన్న ఫోటోగ్రాఫర్, పొద్దుపోక ఎదుటి ఇళ్ల కిటికీల్లోకి చూస్తుంటాడు. ఒక ఇంట్లో హత్య జరిగిందని అనుమానిస్తాడు. పారామౌంట్ స్టూడియోలో ఆ పెరడునంతా ఒకే సెట్‌గా కట్టారు. కుర్చీ కదలని మనిషి కళ్లతో, కనుబొమలతో సినిమాను నడపాలి. నటుడి ముఖానికి అర్థం అతడు చూసేదాన్ని బట్టి మారుతుందని వివరించడానికి హిచ్‌కాక్ ఈ చిత్రాన్నే ఉదాహరణగా తీసుకున్నాడు. స్టూవర్ట్ ఒక కుక్కపిల్లను చూసి నవ్వితే దయాళువు. అదే నవ్వు కిటికీ దగ్గర అరకొర బట్టలతో కసరత్తు చేస్తున్న అమ్మాయిని చూపించాక వస్తే మరో రకం మనిషి.

'ద మ్యాన్ హూ న్యూ టూ మచ్' (1956)లో డోరిస్ డే పక్కన, కొడుకును దుండగులు ఎత్తుకుపోయిన వైద్యుడు. లండన్ ఆల్బర్ట్ హాల్‌లో సంగీతసభ మధ్య, సుమారు పన్నెండు నిమిషాలు, ఒక్క సంభాషణ లేకుండా నడిచే ఘట్టం అందులోనిదే.

నాలుగోది 'వర్టిగో' (1958). ఎత్తులంటే భయంతో పోలీసు ఉద్యోగం వదులుకున్న స్కాటీ, శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో మిత్రుడి భార్యను వెంబడిస్తూ ప్రేమలో పడతాడు. ఆమె చనిపోయిందని నమ్మాక, ఆమె పోలికలున్న మరొక స్త్రీని దొరకబుచ్చుకుని, ఆ బట్టలే తొడిగించి, ఆ జుట్టు రంగే వేయించి, పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవాలనుకుంటాడు. షూటింగ్ నాటికి స్టూవర్ట్‌కు 49 ఏళ్లు, కిమ్ నోవాక్‌కు 24. ప్రేమిస్తున్నానంటూ ఒక మనిషిని చెరిపేసే క్రూరత్వాన్ని ఆయన ఏ ముసుగూ లేకుండా నటించాడు. ఆ మాట, ఆ తడబాటు, ఆ నీలికళ్లు పాతవే. వాటి వెనక ఉన్నది మాత్రం బతిమాలడమూ బలవంతమూ కలిసిన ఆకలి. ఎత్తు భయాన్ని చూపడానికి కెమెరాను వెనక్కి జరుపుతూ లెన్సును ముందుకు జూమ్ చేసిన పద్ధతి ఈ చిత్రంతోనే సినిమాభాషలో చేరింది.

అప్పటి విమర్శకులు 'వర్టిగో'ను అంతగా పట్టించుకోలేదు, వసూళ్లూ అంతంత మాత్రమే. తరవాత ఏళ్ల తరబడి హిచ్‌కాక్ దీన్ని ప్రదర్శనకు ఇవ్వలేదు. 1983లో మళ్లీ థియేటర్లకు వచ్చాక కొత్త తరం దాన్ని నెత్తిన పెట్టుకుంది. బ్రిటిష్ పత్రిక 'సైట్ అండ్ సౌండ్' 2012లో జరిపిన విమర్శకుల ఓటింగ్‌లో, అర్ధశతాబ్దం పాటు మొదటి స్థానంలో ఉన్న 'సిటిజన్ కేన్'ను దించి అన్ని కాలాల ఉత్తమ చిత్రంగా నిలిచింది. 2022లో రెండో స్థానం.

కోర్టు, కొండలు, పాత సెనేటర్

ఆటో ప్రెమింజర్ తీసిన 'అనాటమీ ఆఫ్ ఎ మర్డర్' (1959)లో చేపలు పట్టడమంటే ప్రాణం పెట్టే పల్లెటూరి లాయరు పాల్ బీగ్లర్. మిచిగన్ రాష్ట్రపు ఉత్తరప్రాంతంలో, అసలు కథకు మూలమైన ఊళ్లలోనే తీశారు. సంగీతం డ్యూక్ ఎలింగ్టన్ ఇచ్చాడు. బీగ్లర్‌కు అమాయకత్వం ఒక ఆయుధం. నసుగుతూ, తడుముకుంటూ జ్యూరీ మనసు దోచుకుంటాడు. తన కక్షిదారు నిజం చెబుతున్నాడో లేదో అతడికే నమ్మకం లేదు. స్టూవర్ట్ ఇరవై ఏళ్లుగా కట్టుకున్న ముద్రను ఇక్కడ పాత్రే తెలిసి వాడుకుంటుంది. వెనిస్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి, న్యూయార్క్ విమర్శకుల బహుమతి, ఐదో ఆస్కార్ నామినేషన్ వచ్చాయి. అంతకు రెండేళ్ల ముందు బిల్లీ వైల్డర్ తీసిన 'ద స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్' (1957)లో చిన్ననాటి ఆరాధ్యుడు లిండ్‌బర్గ్‌గా వేశాడు కానీ, పాతికేళ్ల పైలట్‌గా నలభై దాటిన నటుణ్ణి ప్రేక్షకులు ఒప్పుకోలేదు.

జాన్ ఫోర్డ్‌తో చేసిన చిత్రాల్లో తలమానికం 'ద మ్యాన్ హూ షాట్ లిబర్టీ వాలెన్స్' (1962). ముసలి సెనేటర్ రాన్సమ్ స్టాడర్డ్ ఒక అనామకుడి అంత్యక్రియలకు పాత ఊరు వస్తాడు. దుండగుడు లిబర్టీ వాలెన్స్‌ను చంపిన వీరుడిగానే అతడు నాయకుడయ్యాడు. నిజానికి చీకట్లో నిలబడి కాల్చింది శవపేటికలో ఉన్న ఆ మనిషి, జాన్ వేన్ వేసిన టామ్ డానిఫన్. ఆ నిజం చెప్పినా పత్రిక అచ్చువెయ్యదు.

1939లోని జెఫర్సన్ స్మిత్, 1962లోని స్టాడర్డ్ ఇద్దరూ సెనేటర్లే, ఇద్దరూ చట్టాన్ని నమ్మినవాళ్లే. ఒకడు నిజం కోసం గొంతు పోగొట్టుకున్నాడు, ఇంకొకడి పదవంతా ఒక అబద్ధం మీద నిలబడింది. ఈ రెండు పాత్రల్నీ ఒకే నటుడు వెయ్యడం వల్లే ఫోర్డ్ సినిమాకు ఆ చేదు వచ్చింది. స్టాడర్డ్ వేదిక మీద సాగదీసి మాట్లాడే తీరులో స్మిత్ ముసలివాడై, రాజకీయం ఒంటబట్టి, కాస్త బోలుపడి వినిపిస్తాడు.

చివరి దశ

1960ల్లో 'షెనండోవా' (1965), ఎడారిలో కూలిన విమానాన్ని మళ్లీ కట్టుకునే కథ 'ద ఫ్లైట్ ఆఫ్ ద ఫీనిక్స్' (1965) చెప్పుకోదగ్గవి. 1970ల్లో టీవీకి మళ్లాడు. 'ద జిమ్మీ స్టూవర్ట్ షో' (1971–72) ఎక్కువకాలం నిలవలేదు. లాయరుగా వేసిన 'హాకిన్స్' (1973–74) గోల్డెన్ గ్లోబ్ తెచ్చింది. జాన్ వేన్ చివరి చిత్రం 'ద షూటిస్ట్' (1976)లో, వేన్‌కు క్యాన్సర్ అని చెప్పే వైద్యుడి చిన్న పాత్ర వేశాడు. జానీ కార్సన్ టీవీ కార్యక్రమంలో తన పెంపుడు కుక్క మీద సొంతంగా రాసిన కవిత చదివి దేశాన్ని కంటతడి పెట్టించాడు. 1989లో వచ్చిన ఆయన కవితల చిన్న పుస్తకం బాగా అమ్ముడుపోయింది.

1980లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ జీవనసాఫల్య పురస్కారం, 1983లో కెన్నెడీ సెంటర్ గౌరవం, 1985లో అధ్యక్షుడి స్వేచ్ఛాపతకం అందాయి. 1985లోనే గౌరవ ఆస్కార్‌ను కేరీ గ్రాంట్ చేతుల మీదుగా అందుకున్నాడు. 89వ ఏట బెవర్లీ హిల్స్‌లోని ఇంట్లో మరణించాడు.

అంచనా

బతికుండగా ఆయన్ని దేశమంతా పొగిడింది కాప్రా సినిమాల్లోని మంచివాడిగా. 1999లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ గొప్ప నటుల జాబితాలో హంఫ్రీ బోగార్ట్, కేరీ గ్రాంట్‌ల తరవాత మూడో స్థానం ఇచ్చింది. మిమిక్రీ కళాకారులు ఆయన నత్తిలాంటి మాటతీరును దశాబ్దాల పాటు అనుకరించారు. ఆ అనుకరణల వల్ల ఒక అన్యాయం జరిగింది: అదంతా ఆయన సహజంగా ఉన్న తీరే, నటన కాదు అన్న అభిప్రాయం స్థిరపడింది. ఏ మాట దగ్గర ఆగాలి, ఏ వాక్యాన్ని సగంలో వదలాలి అన్నది ఆయన లెక్కగా చేసుకున్న పని. 'హార్వీ'లో ఆ విరామం ఆప్యాయత, 'అనాటమీ ఆఫ్ ఎ మర్డర్'లో ఎత్తుగడ, 'వర్టిగో'లో రోగం.

అమెరికా జాతీయ చలనచిత్ర భాండారానికి 1989లో ఎంపికైన తొలి పాతిక చిత్రాల్లో 'మిస్టర్ స్మిత్', 'వర్టిగో' రెండూ ఉన్నాయి; 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' మరుసటి ఏడు చేరింది. ఆయన ఊళ్లో 1995లో తెరిచిన మ్యూజియం ఆ ఆదర్శ యువకుణ్ణి, సైనికుణ్ణి గుర్తుచేస్తుంది. విమర్శకుల దృష్టిలో మాత్రం గత నలభై ఏళ్లలో ఎదుగుతూ వచ్చినవి మాన్, హిచ్‌కాక్, ఫోర్డ్‌ల చిత్రాలు. స్టూవర్ట్‌ను కొత్తగా చూడబోయే ప్రేక్షకుడు 'మిస్టర్ స్మిత్'తో మొదలుపెట్టి, 'ద నేకెడ్ స్పర్', 'వర్టిగో' మీదుగా 'లిబర్టీ వాలెన్స్' దాకా వరసగా చూస్తే, ఒకే మనిషి ఒకే గొంతుతో ఎంత దూరం ప్రయాణించాడో స్పష్టంగా కనబడుతుంది.